వాన ఆగకుండానే వాగు తగ్గింది

వాన మొదలైతే నాకు కూర్చోబుద్ధి కాదు. ఉద్యోగం నుంచి దిగిపోయినా ఈ జబ్బు నన్ను వదల్లేదు. కరీంనగర్‌లో మా వీధి వీధంతా వాన రాగానే మిరపకాయ బజ్జీలకు పిండి కలుపుతుంది. నేను మాత్రం మెట్లెక్కి మేడ మీదికి పోయి ఉత్తరం దిక్కు చూస్తాను. అక్కడ నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు తప్ప ఏమీ కనిపించవు. నాకు కావలసిన గుట్టలు ఆదిలాబాద్ వైపు ఎక్కడో ఉన్నాయి. మా ఆయన కింది నుంచి కేకేస్తాడు.

"ఇగ డ్యూటీ ఎక్కింది మా మేడం! జర దిగి రా, చాయ్ సల్లారుతున్నది. గుట్టలు నిన్నడిగి కూలుతయా?"

అడగవు. అందుకే కదా నా బాధ.

ఈ మధ్య మా పనిలో కొత్తగా చేరిన కొందరు పిల్లలు నన్ను పిలిచి, శాలువా కప్పి, అనుభవాలు చెప్పమన్నారు. వేదిక మీద చెప్పినవన్నీ మర్యాద మాటలు. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద నిద్రపోయిందో రాయను. అవి చదవడానికి నాకే విసుగు.

అంకె తిప్పే పని

గుట్ట మీద గట్టి వాన పడితే వదులు మట్టి, రాళ్లు, విరిగిన చెట్లు, నీళ్లు అన్నీ ఒక్కటై లోయలోంచి కిందికి వస్తాయి. అది మామూలు వరద కాదు. కాంక్రీటు కలిపే బండి నుంచి జారే ముద్దలా చిక్కగా ఉంటుంది, మనిషి పరుగు కన్నా వేగంగా వస్తుంది. పుస్తకాల్లో దీన్ని శిథిల ప్రవాహం అంటారు. ఆ మాట ఎవరి నోటికీ తిరగదు. మేం ఆఫీసులో రాళ్లబురద అనేవాళ్లం, ఇక్కడా అదే అంటాను. ఆ రాళ్లబురద ఎక్కడ బయలుదేరుతుందో, ఎటు మళ్లుతుందో, ఎంత దూరం పోయి ఆగుతుందో ముందుగానే కంప్యూటర్‌లో లెక్క కట్టడం నా ఉద్యోగం.

హిమాలయాల్లో ఈ పని నేర్చుకుని, చాలా ఏళ్లు అక్కడే చేసి, చివరికి సొంత జిల్లాల వైపు బదిలీ మీద వచ్చాను. "ఆదిలాబాద్‌లో కొండలెక్కడివమ్మా, అవి గుట్టలు కదా" అని అక్కడి మిత్రులు నవ్వారు. గుట్టలే. కాని గుట్ట కింద పడుకున్న మనిషికి కొండకూ గుట్టకూ తేడా తెలియదు. పైగా మన దగ్గర ఘాట్ రోడ్లు వెడల్పు చేసినప్పుడు తవ్విన మట్టినీ రాళ్లనూ పక్కనున్న లోయలోకే నెట్టేస్తారు. సగం పని మనమే చేసిపెట్టి, మిగతా సగం వానకు వదిలేస్తాం.

లెక్క కట్టడం ఎలాగంటే, గుట్టనంతా చిన్న చిన్న గళ్లుగా విడగొడతాం. ఒక్కో గడికి దాని ఎత్తు ఎంతో ఉపగ్రహం చెబుతుంది. పైన ఎంత మట్టి వదులుగా ఉందో, బురద ఎంత చిక్కగా ఉంటుందో, నేల దాన్ని ఎంత పట్టి ఆపుతుందో మేం అంకెలు ఇస్తాం. మీట నొక్కితే తెర మీద బురద కదులుతుంది. అది చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, చూసినవాళ్లు ఇట్టే నమ్మేస్తారు. అసలు సంగతి ఏమిటంటే ఆ అంకెల్లో సగం మాకు సరిగ్గా తెలియవు. పాత రాళ్లబురదలు వదిలిపోయిన గుర్తులతో సరిపోల్చి, ఇంత ఉండొచ్చని అనుకుంటాం. ఒక అంకెను కొంచెం అటు తిప్పితే ఊరు మునుగుతుంది, ఇటు తిప్పితే బతుకుతుంది. ఆ అంకె తిప్పుతున్నప్పుడు భయం వేయనివాళ్లు ఈ పనికి పనికిరారని నా అభిప్రాయం. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

మూలలున్న గట్టు

ఘాట్ రోడ్డు కింద ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఒకటి ఉంది. దాని పేరు రాయను. చుట్టుపక్కల గూడేల పిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకుంటారు. లోయ ముఖద్వారంలో చదునైన జాగా దొరికిందని కొత్తగా వసతి గృహం కట్టారు. గుట్టల్లో చదును జాగా కనిపిస్తే అందరికీ ప్రాణం లేచి వస్తుంది. అది చదునుగా ఎందుకుందో ఎవరూ అడగరు. ఎప్పుడో పాత రాళ్లబురదలు వచ్చి పరుచుకుంటేనే అక్కడ నేల చదునైంది. ఆ వసతి గృహం భద్రమా కాదా చెప్పమని మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది.

మా వాళ్లు కంప్యూటర్‌లో ఆ లెక్క, అంటే మోడల్, నడిపారు. బురద లోయలోంచి దిగి, వసతి గృహం ముందున్న పొడవాటి గట్టుకు తగిలి, పక్కకు మళ్లి వాగులో పడిపోయింది. వసతి గృహానికి పచ్చ రంగు వచ్చింది, అంటే భద్రం. అందరికీ సంతోషం. నాకు మాత్రం ఆ గట్టు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో రెండు రోజులు నాకే తెలియలేదు. అన్నం తింటున్నా ఆ గట్టే, బస్సులో కూర్చున్నా ఆ గట్టే. తర్వాత తట్టింది. దానికి మూలలున్నాయి. నాలుగు మూలలూ బల్ల కోసినట్టు ఉన్నాయి. ఏ గుట్టా అలా పుట్టదు.

పటం పట్టుకుని వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరు టీచరమ్మ గేటు దగ్గర ఎదురొచ్చింది. ఆమెది సుల్తానాబాద్ వైపు. వాళ్ల నాన్న పొలం పని చేసుకుంటూ ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడట. ఆ గొంతు ఈమెకూ వచ్చింది. మైదానం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరి పిల్ల పరుగెత్తుకొస్తుంది.

"ఇక్కడ గట్టు ఉండాలె టీచరమ్మా, మూడంతస్తుల ఎత్తుల" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "గట్టేంది మేడం? టేకు చెట్లు తప్ప గీడ ఏం లేదు. మీరు పొద్దున ఏమన్న తిన్నరా?"

ఆమె అన్నది నిజమే. అటవీ శాఖవాళ్లు వరసగా నాటిన టేకు తోట. అడుగున నేల పళ్లెంలా చదునుగా ఉంది. పైనుంచి చూసిన ఉపగ్రహానికి నేల కనిపించలేదు. అది దట్టంగా ఉన్న టేకు చెట్ల తలల ఎత్తును కొలిచి అదే నేల అని చెప్పింది. మేం నమ్మాం. మా పచ్చ రంగు నిలబడింది ఆకుల మీద.

ఇలాంటి తప్పు మీకూ జరుగుతుంది. యంత్రం చెప్పే ఎత్తు దేని ఎత్తో కనుక్కోకుండా మీట నొక్కకండి. మూలలున్న గట్టు, తిన్నగా గీసినట్టున్న లోయ, ఎక్కడా ఒంపు లేని వాగు కనిపిస్తే నిద్ర పాడు చేసుకోండి. ఈ పనిలో నెమ్మదస్తుల కన్నా అనుమానపు మనుషులే నయం.

సారు భయం

చెట్ల ఎత్తు తీసేసి మళ్లీ నడిపిస్తే బురద తోటలోంచి నేరుగా వచ్చి వసతి గృహంలో దూరింది. తరగతి గదులకు పసుపు రంగు, అంటే కొంచెం ప్రమాదం; వసతి గృహానికి ఎరుపు, అంటే పెద్ద ప్రమాదం. అప్పటికే మొదటి నివేదిక మీద మా పెద్దసారు సంతకం అయిపోయింది.

"మళ్ల ఎందుకు గెలుకుతున్నవమ్మా?" అన్నారు ఆయన. "మనకిచ్చిన డేటా అది. డేటాల తప్పుంటే మనం ఏం జేస్తం?"

"పిల్లలు డేటాల పండుకోరు సార్" అన్నాను. నా నోరు ఎప్పుడూ ఇంతే.

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక ఊరిని వానలో ఖాళీ చేయించారు. ఏమీ జరగలేదు. జనం తిరిగొచ్చి, తప్పిపోయిన గొడ్ల కోసం ఆయన జీపు ముందు కూర్చుని ఏడ్చారట. అప్పటి నుంచి ఆయనకు ఎరుపంటే భయం. హెచ్చరిక ఇచ్చి ఏమీ రాకపోతే ఎవరి బతుకు నలుగుతుందో ఆయన కళ్లారా చూశారు. మాలో చాలామంది అది చూడలేదు కనుక ఎరుపు వేయడం మాకు తేలిక. సారును అర్థం చేసుకున్నాక కూడా ఆయనతో పోట్లాడాను. రెండూ చేయాలి.

చివరికి సంతకం పెట్టారు. పెడుతూ అన్నారు. "రాకపోతే మాత్రం ఆ టీచర్‌కు నువ్వే జవాబు చెప్పుకో."

గోదాం

పటం తీసుకెళ్లి ఎస్తేరు టీచరమ్మ బల్ల మీద పరిచాను. ఏ రంగు అంటే ఏమిటో చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గీ రంగులు నాకెందుకు మేడం? పిల్లలను ఏడ పండబెట్టాల్నో అది చెప్పుండ్రి, చాలు."

చూపించాను. వాగు అవతల ఎత్తు మీద పాత గోదాం ఉంది, ఒకప్పుడు ఇప్పపువ్వు నిల్వ చేసేవారు. అక్కడ పచ్చ రంగు. వానాకాలం అయ్యేదాకా రాత్రుళ్లు పిల్లలు అక్కడ పడుకోవాలి, పగలు ఇవతలికి వచ్చి చదువుకోవాలి. మధ్యలో వాగు మీద పొట్టి వంతెన ఉంది. ఆమె వెంటనే పనిలో దిగింది. గోదాంకు సున్నం కొట్టించింది, చాపలు మోయించింది.

ఆ ఏడు ఏమీ రాలేదు. గోదాం కురిసింది. ఎలుకలు పిల్లల పుస్తకాలు కొరికాయి. జ్వరాలు వచ్చాయి. కొత్త భవనం ఖాళీగా ఉంటే పిల్లల్ని గోదాంలో తోశావని తల్లిదండ్రులు ఆమె మీద విరుచుకుపడ్డారు. పైవాళ్లు సంజాయిషీ అడిగారు. ఆమె నాకు ఫోన్ చేసి, "మంచిగున్నరా మేడం? మీ బురదకు బస్ దొరకలేదా?" అనేది. నవ్వేదాన్ని. ఫోన్ పెట్టాక నవ్వు ఉండేది కాదు. రాళ్లబురద రావాలని కోరుకుంటున్నానా? వస్తే నా మాట నిలబడుతుంది, రాకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. అలాంటి కోరిక మనసులో మెదిలినందుకే నా మీద నాకు అసహ్యం వేసేది.

రెండో ఏడు ఒత్తిడి పెరిగింది. ఎరుపును పసుపు చేయడానికి వీలుంటుందా చూడమని మాకు కబురొచ్చింది. అంకె కొంచెం తిప్పితే వీలుంటుంది. అది నాకూ తెలుసు, పెద్దసారుకూ తెలుసు. ఈసారి ఆశ్చర్యంగా ఆయనే వద్దన్నారు. "నేలెత్తు మార్లే గదా. అంకె ఎందుకు మారాలె?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీదున్న కోపమంతా పోయింది.

ఎస్తేరు టీచరమ్మ పిల్లల్ని మళ్లీ గోదాంలోనే పడుకోబెట్టింది. "ఈ ఏడు గూడ రాకుంటే నన్ను ఆ గోదాంలనే బెట్టి తాళమేస్తరు" అంది.

ఆ సాయంత్రం

ఎడతెగని వాన. నేను ఆఫీసులో కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాను. బడి వదిలే వేళకు ఫోన్ వచ్చింది. ఎస్తేరు టీచరమ్మ గొంతు హుషారుగా ఉంది.

"మంచి కబురు మేడం. పొద్దుగాల పిల్లలు ఇటు వచ్చినంక వాగు వంతెన మీదికెల్లి పారవట్టె, దాటరాకుంట ఉండె. పిల్లలను ఎట్ల తోలుక పోవాల్నని పరేషాన్ల ఉన్న. గిప్పుడే తగ్గింది, మోకాలెత్తు గూడ లేదు. పెద్ద పిల్లలు అవతల ఎక్కిండ్రు. చిన్నోళ్లు వంతెన కాడ లైన్ కట్టిండ్రు."

"వాన ఆగిందా?"

"యాడ ఆగింది? దబదబ కొడ్తనే ఉన్నది."

మా బాపు సాంచాల మీద పనిచేసేవాడు. రాత్రీ పగలూ ఇల్లదిరిపోయే ఆ మగ్గాల చప్పుడులో మేం హాయిగా నిద్రపోయేవాళ్లం, చప్పుడు ఆగితే మాత్రం అందరం లేచి కూర్చునేవాళ్లం. ఆ క్షణం నాకు అలాగే అయింది. వాన కొడుతూనే ఉండగా వాగు తగ్గిందంటే నీళ్లు ఎక్కడికీ పోలేదు. పైన లోయలో రాళ్లూ చెట్లూ అడ్డం పడి వాటిని పట్టుకున్నాయి. ఆ అడ్డు ఎంతోసేపు ఆగదు. హిమాలయాల్లో ఒకసారి ఎండిన వాగు పక్కన నిలబడి ఇది చూశాను.

"ఎస్తేరూ, ఒక్కల్ని గూడ దాటనియ్యకు!" ఆమెను ఎన్నడూ పేరు పెట్టి నువ్వు అనలేదు. ఆ రోజు అన్నాను. "ఎనుకకు తోలు! పైన వాగుకు అడ్డం పడ్డది, తెగుతది."

"ఎనుకకు ఏడికి? హాస్టల్ ఎరుపంటిరి, క్లాసులు పసుపంటిరి. పచ్చది అవతల ఉన్నది!"

నా బల్ల మీద ఆ పటం ఉంది. చూసినా లాభం లేదు, వాగు ఇవతల పచ్చ రంగు ఎక్కడా లేదు. కళ్లు మూసుకుని, టేకు తోట చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ ఆవరణలో నేను నడిచిన నేలంతా మనసులో మళ్లీ నడిచాను. "వంటింటి ఎనుక బండ ఉన్నది, మీరు బట్టలారేస్తరు సూడు, దాని మీదికి ఎక్కించు. సంచులు వద్దు, చెప్పులు వద్దు. ఉరుకు!"

ఆమె ఫోన్ ఆపలేదు. పైట కొంగులో చుట్టుకుందో ఏమో, వాన చప్పుడు, ఆమె గొంతు వినిపించాయి. ఆ పాటల గొంతుతో పిల్లల్ని పేరుపేరునా పిలుస్తోంది. తర్వాత ఒక రొద వచ్చి అన్నిటినీ మింగేసింది. లైన్ తెగిపోయింది.

మళ్లీ చేశాను. మోగలేదు. పెద్దసారు గదిలోంచి వచ్చారు. నా ముఖం చూసి ఆ మండలంలో తనకు తెలిసిన ప్రతి నంబరుకూ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు దొరికినప్పుడల్లా "పిల్లలు, పిల్లల సంగతి చెప్పు" అంటున్నారు. అన్నేళ్లలో నేను అంతగా ఎప్పుడూ భయపడలేదు.

చీకటి పడకముందే ఆమె చేసింది. వేరే ఎవరిదో నంబరు.

"అందరున్నరు" అంది. ఆ మాట చెప్పి చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "ఇటోళ్లు బండ మీద ఉన్నరు, అటోళ్లు గోదాంల ఉన్నరు. హాస్టల్ల కిటికీల దాక బురద ఉన్నది. వంతెన లేదు మేడం. వంతెన ఉన్న జాగల టేకు మొద్దులున్నయి."

నీలం కింద

వాన తెరిపి ఇచ్చాక మా వాళ్లు వెళ్లి బురద ఎక్కడిదాకా పారిందో అంచు వెంట నడిచి కొలుచుకొచ్చారు. ఆఫీసులో సమావేశం పెట్టారు. తెర మీద మా పటం, దాని మీద అసలు బురద అంచు. రెండూ దాదాపు ఒక్కటే. వసతి గృహం మా ఎరుపులో సరిగ్గా కూర్చుంది. చప్పట్లు మోగాయి. పెద్దసారు నా వైపు చూసి తల ఊపారు. ఆ గర్వం ఆయనకు దక్కాల్సిందే.

నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. వంతెన ఎక్కడుందో చూపించమన్నాను. చూపించారు. వాగుకు గీసిన నీలం గీతలో ఉంది.

మా పనిలో ఒక అలవాటు ఉంది. ప్రమాదం రంగులన్నీ వేశాక, అన్నిటికన్నా పైన వాగుల్నీ నదుల్నీ నీలంగా గీస్తాం. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. నీళ్లు నీలంగా ఉంటేనే పటం పటంలా ఉంటుంది. రెండేళ్లుగా ఆ పటం చూస్తూ, గోదాంకు పచ్చ వేశాం, వసతి గృహానికి ఎరుపు వేశాం, మధ్య దారి గురించి మోడల్ ఏమీ చెప్పలేదు అనుకున్నాను.

ఆ నీలం పొర తీసేయమన్నాను.

కింద ఎరుపుంది. పటం మొత్తంలో అంత చిక్కటి ఎరుపు ఇంకెక్కడా లేదు. పసుపు రంగు ఉన్న చోట పిల్లలు చదువుకుంటున్నారు, పచ్చ రంగు ఉన్న చోట నిద్రపోతున్నారు. ఆ రెండింటి మధ్య, మా మాట మీద, రెండు వానాకాలాలు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆ ఎరుపులోంచి నడిచారు. "వాగు నీలమే ఉంటది గదమ్మా" అన్నారు పెద్దసారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఈ పనిలోకి వస్తున్న వాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. ఇల్లు ఎక్కడుందో అడుగుతారు, భద్రమో కాదో చెబుతారు. ఇంట్లో మనుషులు ఎటు నడుస్తారో కూడా అడగండి. మీ పటంలో అన్నిటికన్నా పైన ఉన్న పొరను ఒకసారి తీసి చూడండి. నాకు అది తీయడానికి రెండేళ్లు పట్టింది.

సమావేశం అయిన సాయంత్రమే ఎస్తేరు టీచరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అంటే మీ కంప్యూటర్‌కు ఎరుకే" అంది మెల్లగా. "మీకు ఎరుక లేదు."

"లేదు" అన్నాను.

తర్వాత ఆమె అంది.

"కొత్త వంతెన ఏడ కట్టాల్నో చూసెతందుకు ఇంజనీర్లు వస్తరట. మీరు గూడ రాండ్రి. పటం తెస్తే తెండ్రి, లేకుంటే లే. కట్టినంక ఫస్టు వానకు మాత్రం మీరే ముందు దాటుండ్రి మేడం. మీరు అవతల ఒడ్డెక్కి చెయ్యి ఊపినంకనే నేను నా పిల్లలను తోలుత."